కోడికాళ్ల గుడిసె, మాట్ర్యోష్కా బొమ్మలు వరుసగా పడితే డబ్బులట! మా నాన్న ఫోన్లో రష్యా స్లాట్ గేమ్

పాత_ట్రంకుపెట్టె:
తెనాలి దగ్గర మా ఊరు. నాన్నకి 64. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు స్కూలు దగ్గరికి పుస్తకాల వ్యాన్ వచ్చేదట, మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు రూపాయికీ రెండు రూపాయలకీ అమ్మేవారట. అవన్నీ ట్రంకుపెట్టెలో దాచుకున్నారు. నా చిన్నప్పుడు నిద్రపుచ్చిన కథలు కూడా అవే. కోడికాళ్ల మీద నిలబడే గుడిసె, నిప్పుపిట్ట, బూడిదరంగు తోడేలు.

పోయిన వారం సెలవుకి వెళ్తే రాత్రి పదకొండింటికి ఫోన్లో బాలలైకా (రష్యా తీగల వాద్యం) మోత. చూస్తే స్లాట్ గేమ్! ఐదు నిలువు వరసల్లో బొమ్మలు గిర్రున తిరుగుతున్నాయి. మాట్ర్యోష్కా (ఒకదాంట్లో ఒకటి ఇమిడే చెక్కబొమ్మ), సమోవార్ (టీ నీళ్లు కాచే పాత్ర), ఎలుగుబంటి, ఉల్లిపాయ గోపురాల చర్చి, పైన ఆ కోడికాళ్ల గుడిసె మంత్రగత్తె బాబా యాగా. మూడు గుడిసెలు పడితే 'బోనస్'. నన్ను చూసి నాన్న సిగ్గుపడి "ఊరికే, బొమ్మలు బాగున్నాయని" అన్నారు.

నా ప్రశ్నలు రెండు. ఇవి నిజంగా రష్యావాళ్లు చేసే ఆటలా? ఇందులో డబ్బు పోతుందా, లేక ఉత్త నాణేల లెక్కేనా? నాకు ఈ ఆటల గురించి ఓనమాలు కూడా తెలియవు.

బెజవాడ_బాబాయ్:
ఆ పుస్తకాల పెట్టె ఎక్కడుంది ఇప్పుడు? ముందు అది చెప్పు.

సున్నా_ఒకటి:
బాబాయ్ ప్రాధాన్యాలు చూడండి 😀

ఒరిజినల్ పోస్టుకి: అది ప్లే స్టోర్ నుంచి వేసిందా, టెలిగ్రామ్ లింకు నుంచి వచ్చిన ఏపీకేనా (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైలు)? మొదటిదైతే నాణేల ఆట అయ్యే అవకాశం ఉంది. రెండోదైతే డబ్బే.

కజాన్_కుర్రోడు:
రష్యాలోని కజాన్‌లో ఎంబీబీఎస్ నాలుగో సంవత్సరం. స్క్రీన్‌షాట్ ఉంటే పెట్టన్నా. రష్యావాళ్లు చేసిందో కాదో ఒక్క చూపులో చెప్తా.

పాత_ట్రంకుపెట్టె:
(స్క్రీన్‌షాట్ జతచేశాను. యాప్ పేరు కత్తిరించాను.)

కజాన్_కుర్రోడు:
రష్యావాడు చేసింది కానే కాదు. గ్యారంటీ.

పైన టైటిల్‌లో ఇంగ్లిష్ ఆర్ అక్షరాన్ని తిరగేసి పెట్టారు, రష్యన్‌లా కనిపించాలని. రష్యన్‌లో అది ఆర్ కాదు, 'యా'. ఎన్ తిరగేసింది 'ఇ'. ఆ టైటిల్‌ని నా రూమ్మేట్‌కి చూపిస్తే నోరు తిరగక పడీపడీ నవ్వాడు.

బొమ్మ కింద 'బాబూష్కా' అని రాశారు. బాబుష్కా అంటే నాయనమ్మ, అమ్మమ్మ. అదీ 'బా' మీద ఒత్తు పెట్టి పలకాలి. బొమ్మ పేరు మాట్ర్యోష్కా. మన కొండపల్లి బొమ్మకి 'మామ్మ' అని పేరు పెట్టినట్టుంది.

ఇక బాబా యాగా చీపురు మీద ఎగురుతోంది!! అది యూరప్ మంత్రగత్తె. మా బాబా యాగా రోట్లో కూర్చుని రోకలితో తోసుకుంటూ వెళ్తుంది. చీపురు ఉంటుంది కానీ అది వెనక జాడ చెరిపేయడానికి.

సున్నా_ఒకటి:
"మా బాబా యాగా" 😂 నాలుగేళ్లకే కజాన్ మనవడివైపోయావు తమ్ముడూ

కజాన్_కుర్రోడు:
మైనస్ 25లో నాలుగేళ్లుంటే నువ్వూ అవుతావన్నా.

ఇలాంటి అతుకుల రష్యాకి ఇక్కడివాళ్ల దగ్గర ఒక పేరుంది: 'క్ల్యూక్వా'. అంటే క్రాన్‌బెర్రీ. అది నేలమీద పాకే చిన్న మొక్క. ఎవరో విదేశీయుడు రష్యా వెళ్లొచ్చి 'మహావృక్షంలాంటి క్రాన్‌బెర్రీ నీడన కూర్చున్నాను' అన్నాడని వెటకారం. దుంపల చెట్టెక్కి చిలగడదుంపలు కోశానన్నట్టు. ఎలుగుబంటి, వోడ్కా, చెవుల టోపీ, బాలలైకా కలిపి ఎవరు సినిమా తీసినా ఆట చేసినా ఇక్కడివాళ్లు ఒకే ముక్కలో 'క్ల్యూక్వా' అని తీసిపారేస్తారు.

శారద_టి:
బాగుంది ఈ ముక్క. మన తెలుగువాళ్లని సినిమాల్లో చూపించేదానికి కూడా ఒక పండు పేరు వెతకాలి.

బెజవాడ_బాబాయ్:
రోలూ రోకలీ మాట నిజం. మా ఇంట్లో రోలు చూసి దీంట్లో ఎలా పడుతుందిరా ఆ ముసల్ది అని మా తమ్ముడు ఎక్కి కూర్చున్నాడు. అమ్మ వీపు మోగించింది.

విశాలాంధ్ర పుస్తకాల వ్యాన్ అంటే నేనూ పరిగెత్తేవాణ్ణి. ఆ కాగితం వాసన వేరు. దళసరి అట్ట, రంగుల బొమ్మలు, రూపాయికి. మన దగ్గర అప్పట్లో ఆ నాణ్యతలో పిల్లల పుస్తకం ఎక్కడుంది? మాస్కోలోనే కూర్చుని తెలుగులోకి చేసినవాళ్లున్నారు. ఉప్పల లక్ష్మణరావు గారు, రాళ్లబండి వెంకటేశ్వరరావు గారు. వాళ్ల పుణ్యమే మా బాల్యం. దాన్ని తెచ్చి జూదానికి గోడకాగితంలా అంటించారంటే నా ఒళ్లు మండుతోంది.

న్యూజెర్సీ_నాని:
ఇంత ఎమోషన్ అవసరమా బాబాయ్. థీమ్ అన్నది డెకరేషన్. ఈజిప్ట్ మమ్మీలతో ఉంది, చైనా డ్రాగన్లతో ఉంది, గ్రీకు దేవుళ్లతో ఉంది, ఐర్లండ్ పొట్టి మరుగుజ్జులతో ఉంది. రష్యాది కూడా ఒకటి. మా న్యూజెర్సీలో 2013 నుంచి ఆన్‌లైన్ స్లాట్లు చట్టబద్ధమే, అట్లాంటిక్ సిటీ కాసినోల లైసెన్సు కింద నడుస్తాయి. శుక్రవారం రాత్రి 20 డాలర్లు పెడతా, పోతే మూసేస్తా. సినిమా టికెట్టూ పాప్‌కార్న్ ఖర్చు. పెద్దాయన ఏదో కాలక్షేపానికి ఆడుకుంటున్నారు.

పేకమేడ:
"పోతే మూసేస్తా". ఈ మాట నేనూ 2019లో అన్నాను నాని.

న్యూజెర్సీ_నాని:
అందరూ ఒకేలా ఉండరు కదా బ్రో.

సున్నా_ఒకటి:
నేను గేమింగ్ కంపెనీలో చేశాను. స్లాట్లు కాదు, మామూలు మొబైల్ ఆటలు. కానీ పక్క టీములో ఈ లెక్కలు చేసేవాళ్లుండేవారు. నాని అన్నదాంట్లో ఒకటి నిజం. లోపలి లెక్కకి బొమ్మతో సంబంధం లేదు. అదే ఇంజన్‌కి ఈవేళ మాట్ర్యోష్కా తొడుగుతారు, రేపు మమ్మీ తొడుగుతారు.

మీరు బటన్ నొక్కిన క్షణానికే ఫలితం తేలిపోయి ఉంటుంది. సర్వర్‌లో ర్యాండమ్ నంబర్ పుట్టేసింది. ఆ తర్వాత రీళ్లు (ఆ నిలువు వరసలు) తిరగడం, ఒక్కొక్కటే ఆగడం, చివరి రీల్ ఆగడానికి ముందు బాలలైకా స్పీడు పెరగడం, అదంతా యానిమేషన్. జాతకం రాసేశాక పెళ్లిచూపులు పెట్టినట్టు.

ఒకప్పుడు మెషీన్లలో నిజం రీళ్లుండేవి. శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే అనే మెకానిక్ 1890ల్లో చేసిన మూడు రీళ్ల మెషీనే వీటన్నిటికీ తాత. రీల్ మీద 22 స్థానాలుంటే మూడు రీళ్లకి 22×22×22, అంటే 10,648 కలయికలు. అంతకంటే పెద్ద జాక్‌పాట్ పెట్టడం యజమానికి కుదరదు, రీల్ పెద్దదైతే మెషీన్ గుమ్మంలో పట్టదు. 1984లో ఇంగ్ టెల్నేస్ అనే ఆయన దానికి పేటెంట్ తెచ్చుకున్నాడు. కంటికి కనిపించే రీల్ వేరు, లోపల కంప్యూటర్లో లెక్కపెట్టే రీల్ వేరు. బయట 22 గళ్లే కనిపిస్తాయి, లోపల 64 ఉండొచ్చు. అప్పుడు కలయికలు 2,62,144. లోపలి గళ్లలో చాలా భాగం ఖాళీకి కడతారు, జాక్‌పాట్ బొమ్మకి ఒకటో రెండో. జాక్‌పాట్ పక్కనున్న ఖాళీలకి ఇంకాస్త ఎక్కువ కట్టొచ్చు. అందుకే "అయ్యో, ఒక్క గడిలో పోయింది" అని అన్నిసార్లు అనిపిస్తుంది.

శారద_టి:
అంటే రష్యా కథల్లో చావులేని మాంత్రికుడు కొశ్చేయ్ ప్రాణంలాగా. రీళ్లలో వెతికితే ఏముంటుంది, అసలుది ఎక్కడో దాచారు.

పాత_ట్రంకుపెట్టె:
శారద గారూ!! ఓక్ చెట్టు కింద పెట్టె, పెట్టెలో కుందేలు, కుందేలులో బాతు, బాతులో గుడ్డు, గుడ్డులో సూది. ఆ సూది మొనలో వాడి చావు. నాన్న వేళ్లు మడిచి చెప్పేవారు.

బెజవాడ_బాబాయ్:
మన మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు. మనోడు ఒక్క చిలకతో సరిపెట్టాడు పాపం. వాళ్లది పెద్ద ప్యాకింగు.

సున్నా_ఒకటి:
బాబాయ్ 😂😂

సరే, మిగతా లెక్క. ఆటలో సమాచారం పేజీలో 'తిరిగి చెల్లింపు 95 శాతం' లాంటి అంకె ఉంటుంది. చాలామంది దాన్ని "వంద పెడితే 95 వెనక్కి వస్తాయి" అని చదువుతారు. వంద డిపాజిట్‌కి కాదది, వంద పందేనికి. స్పిన్‌కి 10 రూపాయలు, నిమిషానికి 10 స్పిన్లు అనుకోండి. గంటకి 600 స్పిన్లు, 6,000 రూపాయల పందెం. అందులో 5 శాతం, అంటే సగటున గంటకి 300 హుష్. 500తో మొదలెట్టినాయన రెండు గంటలు తిరక్కుండా ఖాళీ. మధ్యలో ఒకసారి 2,000 కనిపించి ఉంటుంది, గుర్తుండేది అదే.

ఇంకోటి. 20 రూపాయలు పెట్టి తిప్పితే 8 రూపాయలు వస్తాయి. 12 పోయాయి. కానీ తెరమీద టపాసులు, చప్పట్లు, ఎలుగుబంటి డాన్సు. ఒళ్లు దాన్ని గెలుపనే నమ్ముతుంది.

మావుళ్లమ్మ_వీధి:
కోడిపందెంలో కనీసం కోడి అయినా మిగులుద్ది. కూర వండుకోవచ్చు.

న్యూజెర్సీ_నాని:
ఓడిన కోడి గెలిచినోడికి పోద్ది. భీమవరం పేరు పెట్టుకుని ఇది తెలీదా 😄

మావుళ్లమ్మ_వీధి:
తెలుసులే. కూర వాసనైనా వస్తుందని.

అడ్మిన్_రావు:
గమనిక: ఎవరూ యాప్ పేర్లు, లింకులు, రెఫరల్ కోడ్‌లు పెట్టకండి. ఇద్దరి పోస్టులు తీసేశాను. ఒకాయన ఈ థ్రెడ్‌లోనే "నా కోడ్‌తో చేరితే 50 ఫ్రీ స్పిన్లు" అని పెట్టాడు. ధైర్యానికి మెచ్చుకుని బ్యాన్ చేశాను.

కజాన్_కుర్రోడు:
'రష్యావాళ్లు చేసే ఆటలా' అన్న ప్రశ్నకి మిగతా సగం. నిజంగా రష్యావాళ్లు చేసినవి కూడా ఉన్నాయి. ఇగ్రోసాఫ్ట్ అని మాస్కో కంపెనీ. 2000ల మొదట్లో ఇక్కడ కిరాణాకొట్టు మూల, మెట్రో స్టేషన్ బయట, బస్టాపుల పక్కన అన్నిచోట్లా వాళ్ల డబ్బాలే ఉండేవట. మా హాస్టల్ వాచ్‌మన్ మామకి ఆ పేర్లన్నీ నోటికొచ్చు. కోతులు, స్ట్రాబెర్రీలు. కోతుల ఆటలో కోతి తాళ్లు లాగుతుంది, పైనుంచి అరటిపళ్లు పడితే డబ్బు, సుత్తి పడితే ఆట ముగిసింది. 'కేక్స్' అని ఇంకోటి, అందులో పల్లెటూరి ముసలమ్మ, పొయ్యి, సమోవార్, కొలొబోక్ (దొర్లుకుంటూ పారిపోయే రొట్టె) కథ వాతావరణం.

తమాషా ఏంటంటే రష్యావాళ్ల కోసం చేసినవాటిలో ఎక్కువ కోతులూ పళ్లూ సముద్రపు దొంగలే. మాట్ర్యోష్కాలూ గోపురాలూ ఎక్కువగా బయటివాళ్లు చేసినవాటిలో. ఊళ్లోవాడికి ఊరి బొమ్మ ఎందుకు?

శారద_టి:
చివరి మాట బాగుంది, కానీ కేక్స్ గురించి నువ్వే చెప్పావుగా.

కజాన్_కుర్రోడు:
'ఎక్కువ' అన్నానక్కా, 'అన్నీ' అనలేదు 🙏

పాత_ట్రంకుపెట్టె:
అయితే ఇప్పుడు అక్కడ ఆ డబ్బాలు లేవా?

కజాన్_కుర్రోడు:
వీధుల్లో లేవు. 2006 డిసెంబర్‌లో చట్టం చేశారు, 244వ నంబరు ఫెడరల్ చట్టం. 2009 జూలై 1 నుంచి దేశమంతా కాసినోలూ స్లాట్ హాళ్లూ మూత. ప్రత్యేక జోన్లలో మాత్రమే అనుమతి. ఆల్టై, ప్రిమోర్యే, కలినిన్‌గ్రాద్, దక్షిణాన అజోవ్ వైపు ఒకటి (అది 2018 చివర్లో మూతపడింది). తర్వాత క్రిమియా, సోచి దగ్గర క్రాస్నయా పొల్యానా కలిశాయి. అంటే మాస్కోవాడికి ఆడాలనిపిస్తే విమానం ఎక్కాలి. ఆ జోన్లలో పెట్టే మెషీన్ కూడా సగటున 90 శాతానికి తగ్గకుండా తిరిగివ్వాలని అదే చట్టంలో ఉంది. ఇంటర్నెట్‌లో కాసినో నడపడం కూడా ఆ చట్టంతోనే నిషేధం. సైట్లు బ్లాక్ చేస్తూనే ఉంటారు, వాళ్లు కొత్త అడ్రసుతో పుడుతూనే ఉంటారు.

వాచ్‌మన్ మామ సంగతి చెప్పాలి. ఒకసారి జీతం రోజున రొట్టె కొనడానికి కొట్టుకెళ్లాడట. చిల్లర ఐదు రూబుళ్ల నాణేలొచ్చాయి, పక్కనే డబ్బా. రొట్టె లేకుండా, జీతం లేకుండా ఇంటికొచ్చాడు. వాళ్లావిడ ఆ రోజు నుంచి జీతం తనే వెళ్లి తెచ్చుకుందట. వాళ్ల భాషలో దీనికి 'అజార్త్' అని మాట ఉంది. జూదమాడేటప్పుడు ఒంట్లో ఎక్కే వేడి. ఫ్రెంచి నుంచి వచ్చింది. ఆటలో ఊపు వచ్చినా, పనిలో కసి వచ్చినా అదే మాట వాడతారు. మామ మాత్రం ఆ మాట అనేటప్పుడు ఉమ్మేస్తాడు.

బెజవాడ_బాబాయ్:
రష్యా రచయిత దోస్తోవ్‌స్కీ కూడా ఆ వేడి పట్టినవాడే. రష్యాలో కాదు, జర్మనీ వెళ్లి ఆడేవాడు. వీస్‌బాడెన్, బాడెన్‌బాడెన్, రౌలెట్ బల్లలు. భార్య నగలు, బట్టలు తాకట్టు. 1871లో మానేశాడు, మళ్లీ ముట్టలేదు.

సున్నా_ఒకటి:
బాబాయ్ పుస్తకాల వ్యాన్‌లోనే పుట్టినట్టున్నారు.

పేకమేడ:
మానేశాడు అన్న ఒక్క మాట రాయడం తేలిక బాబాయ్.

నా సంగతి రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తే రానీ. స్లాట్లు కాదు, మొదట రమ్మీ. రమ్మీలో కనీసం ముక్కలు చూసుకుని ఆలోచించాలి, అలసట వస్తుంది. ఆ యాప్‌లోనే ఒక మూల 'స్పిన్' అని పెట్టారు. దాంట్లో ఆలోచన లేదు. అదే నాకు నచ్చింది. ఆఫీసు నుంచి వచ్చి ఏమీ ఆలోచించకుండా ఉండడానికి. గెలవడం కోసం ఆడానని అందరూ అనుకుంటారు. ఆరు నెలలయ్యాక గెలిస్తే చిరాకొచ్చేది, ఆ డబ్బు అయిపోయేదాకా లేవలేను గనక. 3 లక్షల 80 వేలు. రెండు లోన్ యాప్‌లు. పెళ్లి సంబంధం ఒకటి పోయింది.

మా అక్క ఒక పని చేసింది. తిట్టలేదు. నా ఫోన్లో యూపీఐ తీసేసి, జీతం అకౌంటు ఏటీఎం కార్డు తన దగ్గర పెట్టుకుంది. రోజూ ఉదయం 150 చేతిలో పెట్టేది, టిఫిన్‌కీ బస్సుకీ. 29 ఏళ్లవాణ్ణి. సిగ్గేసింది కానీ అదే పనిచేసింది.

మావుళ్లమ్మ_వీధి:
అక్కకి దండం.

శారద_టి:
వాచ్‌మన్ మామ భార్య, మీ అక్క, ఇద్దరిదీ ఒకటే మందు.

న్యూజెర్సీ_నాని:
పేకమేడ బ్రో, సారీ. ఇందాక తేలిగ్గా అన్నాను.

అయినా నా పాయింట్ ఒకటుంది. చట్టబద్ధంగా ఉన్నచోట నేను ఎంత పెట్టాలో లిమిట్ నేనే పెట్టుకోవచ్చు, నన్ను ఆడనివ్వొద్దని పేరు రాయించుకోవచ్చు, ఫిర్యాదుకి ఒక ఆఫీసుంది. మీ దగ్గర నిషేధం పెడితే ఆగిందా? ఏపీకేల్లోకి పోయింది.

సున్నా_ఒకటి:
ఆ మాటలో పస ఉంది. కానీ లిమిట్ పెట్టుకునే నాలుగో నంబరు మెనూ దాకా ఎంతమంది వెళ్తారు నాని?

పాత_ట్రంకుపెట్టె:
అప్‌డేట్. ఈవేళ నాన్న బ్యాంకు పాస్‌బుక్ వేయించాను. ఊరికే బొమ్మల కోసం కాదు. మూడు నెలల్లో 41,300. అన్నీ యూపీఐ. 500, 1,000, ఒకసారి 5,000. విచిత్రం ఏంటంటే ఒక్కోసారి ఒక్కో మనిషి పేరుకి వెళ్లాయి. ఒకటి ఏదో చీరల షాపు పేరు, ఒకటి ఎవరో అమ్మాయి పేరు. వెనక్కి ఒక్కసారే వచ్చింది, 2,200. ఏపీకేనే. ఎవరో చిన్ననాటి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టారట, 'మన చిన్ననాటి బొమ్మలు' అని.

అమ్మకి తెలీదు. చేతులు ఆడటం లేదు.

సున్నా_ఒకటి:
టెన్షన్ పడకు. వరసగా చెయ్. ఆ పేర్లు మ్యూల్ అకౌంట్లు, అద్దెకి తీసుకున్న ఖాతాలు. పాస్‌బుక్ పేజీలు, యూపీఐ లావాదేవీల నంబర్లు స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకో. తర్వాతే యాప్ తీసెయ్, ముందు కాదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చెయ్, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా పెట్టొచ్చు. డబ్బు మొత్తం వస్తుందని ఆశ పెట్టుకోకు, ఈమధ్య పంపినవైతే ఆపగలిగే అవకాశం ఎక్కువ. ఆ 2,200 ఉంది చూశావా, అది కూడా చెప్పు. అలాంటి ఖాతా నుంచి డబ్బు వచ్చినందుకు మన ఖాతా ఫ్రీజ్ అయిన కేసులున్నాయి.

ఏపీకేకి ఎస్సెమ్మెస్ చదివే అనుమతి ఇచ్చి ఉంటే పిన్ మార్చు, వీలైతే ఫోన్ రీసెట్ కొట్టు.

బెజవాడ_బాబాయ్:
పెన్షన్ ఖాతా ఫ్రీజ్ అయితే కష్టం. బ్యాంకుకి కూడా వెళ్లి రాతపూర్వకంగా ఇవ్వు నాయనా.

మావుళ్లమ్మ_వీధి:
ఫిర్యాదు చేస్తే ఆడినందుకు పెద్దాయన మీదే కేసు పెట్టరుగా?

అడ్మిన్_రావు:
నేను లాయర్ని కాదు, చదివినంత చెప్తా. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తమ గేమింగ్ చట్టాల్లోకి తెచ్చి నిషేధించాయి. ఆంధ్రా సవరణలో ఆడేవాళ్లకి కూడా ఆరు నెలల దాకా శిక్ష ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం వేరే దారి పట్టింది. నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా డబ్బు ఆటలన్నిటి మీదా నిషేధం. నడిపేవాడికి మూడేళ్ల జైలు, కోటి రూపాయల జరిమానా దాకా. ప్రకటనలిచ్చేవాడికి రెండేళ్లు, 50 లక్షల దాకా. ఆడేవాణ్ణి మాత్రం బాధితుడిగానే చూస్తుంది. భయంతో ఫిర్యాదు మానుకోవద్దు. అనుమానముంటే ఒక లాయర్‌ని వెంట తీసుకెళ్లండి.

శారద_టి:
చట్టం, బ్యాంకు అయ్యాయి. ఇక ఇంట్లో మాట. తిట్టకండి. మా మామగారు ఇలాగే లాటరీ పిచ్చిలో పడ్డారు. మా ఆయన నలుగురిలో అరిచారు. ఆయన మానలేదు, దాచడం నేర్చుకున్నారు. పోస్టాఫీసులో నలభై ఏళ్లు ఊరి ఉత్తరాలు పంచిన మనిషి ఇప్పుడు రోజంతా ఏం చేస్తున్నారు? అది అడగండి.

కజాన్_కుర్రోడు:
అక్కా, లాటరీ అంటే గుర్తొచ్చింది, 'ఫ్రీ' దగ్గర మనమూ రష్యావాళ్లూ ఒకటే. ఇక్కడ పరీక్ష ముందు రాత్రి పన్నెండింటికి పిల్లలు మార్కుల పుస్తకం తెరిచి కిటికీలోంచి బయటికి చాపి "హల్యావా, ప్రీదీ!" అని అరుస్తారు. 'కష్టపడకుండా వచ్చేదా, రా!' అని. నేనూ అరిచాను, బయోకెమిస్ట్రీకి. రాలేదు, జలుబు వచ్చింది.

న్యూజెర్సీ_నాని:
😂😂 హైలైట్ ఆఫ్ ది థ్రెడ్

బెజవాడ_బాబాయ్:
నానీ, థీమ్ డెకరేషనే అన్నావు. ఇప్పుడేమంటావు? ఆ వాట్సాప్ గ్రూపులో డ్రాగన్ బొమ్మ పెట్టుంటే ఈ పెద్దాయన వేలితో కూడా ముట్టేవాడు కాదు. అరవై దాటినవాళ్లకి ఏ బొమ్మ చూపిస్తే చెయ్యి ఆగదో వాడికి తెలుసు.

న్యూజెర్సీ_నాని:
వాడికి తెలీదు బాబాయ్. వాడు వంద థీమ్‌లు వదిలాడు, ఏది ఎవరికి తగిలితే వాళ్లు. తెలిసింది ఆ వీడియో ఫార్వర్డ్ చేసిన స్నేహితుడికి.

సున్నా_ఒకటి:
ఇద్దరూ రైటే. ఇంజన్ పాతదే, గాలానికి ఎర మాత్రం కొత్తది. ఒక థీమ్‌కి ఎవరు ఎక్కువసేపు ఆగుతున్నారో డేటా వస్తుంది. రేపు అదే యాప్ దాన్ని ఇంకా అలాంటివాళ్లకే చూపిస్తుంది. తెలియాల్సిన పని లేదు, లెక్క చాలు.

శారద_టి:
అసలు మాట్ర్యోష్కానే పెద్ద పాతది కాదని ఎక్కడో చదివాను, నిజమా కజాన్?

కజాన్_కుర్రోడు:
నిజమే. 1890ల్లో పుట్టింది. స్వ్యోజ్‌దోచ్‌కిన్ అనే వడ్రంగి లేతుమీద తిప్పాడు, మల్యూతిన్ అనే చిత్రకారుడు రంగులేశాడు అంటారు. మొదటి సెట్టులో ఎనిమిది బొమ్మలు, పెద్దదాని చేతిలో నల్ల కోడిపుంజు. జపాన్ బొమ్మ చూసి చేశారని ఒక వాదన. 1900 పారిస్ ప్రదర్శనలో కంచు పతకం వచ్చింది. ఆ మొదటి సెట్టు సెర్గియెవ్ పొసాద్ బొమ్మల మ్యూజియంలో ఉంది. అంటే చార్లెస్ ఫే స్లాట్ మెషీన్, మాట్ర్యోష్కా ఒకే ఈడువి. ఇన్నాళ్లకి కలిశాయి.

మావుళ్లమ్మ_వీధి:
కోడిపుంజు అన్నావు! అందుకే నాకు మొదట్నుంచీ ఈ థ్రెడ్ నచ్చింది.

కజాన్_కుర్రోడు:
ఇంకోటి, ఆఫ్ టాపిక్. సోవియట్ కాలంలో డబ్బు రాని ఆటల డబ్బాలుండేవి. 15 కోపెక్కుల నాణెం వేస్తే పెరిస్కోప్‌లోంచి ఓడల్ని పేల్చే 'మోర్స్కోయ్ బోయ్'. మిలిటరీ ఫ్యాక్టరీల్లో చేసేవారట. మాస్కోలో, పీటర్స్‌బర్గ్‌లో వాటికి మ్యూజియమే ఉంది. టికెట్టుతోపాటు పాత 15 కోపెక్కుల నాణేలు ఇస్తారు. నేను గంటసేపు ఓడలు పేల్చాను. గెలిస్తే ఇంకో ఆట ఫ్రీ, అంతే.

పాత_ట్రంకుపెట్టె:
అందరికీ థాంక్స్. 1930కి చేశాను, నంబరు ఇచ్చారు. చివరి రెండు లావాదేవీల మీద చూస్తామన్నారు. బ్యాంకులో కాగితం ఇచ్చాను. ఫోన్ రీసెట్ అయింది. పేకమేడ గారి అక్క పద్ధతి అమ్మకి చెప్పాను, ఆవిడ దానికి ముందే సిద్ధంగా ఉన్నట్టుంది. పాస్‌బుక్ కొంగులో ముడేసుకుంది.

నాన్నతో రాత్రి మాట్లాడాను. తిట్టలేదు శారద గారూ, నిజం. స్క్రీన్‌షాట్లు తీసేటప్పుడు ఆ యాప్ 'కస్టమర్ కేర్' చాట్ చూశాను. నాన్న అందులో తెలుగులో ఆరు మెసేజీలు పెట్టారు. మొదటిది: "అయ్యా, బాబా యాగా చీపురు మీద ఎగరదు. రోట్లో కూర్చుని రోకలితో నడుపును. దయచేసి సరిచేయగలరు." పోస్టాఫీసు భాష. రెండోది నిప్పుపిట్ట తోక గురించి. మూడోదానికి పుస్తకం పేజీ ఫోటో జతచేశారు.

వాళ్లు ప్రతిదానికీ ఒకటే జవాబిచ్చారు: "మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు! మీకు 50 ఫ్రీ స్పిన్లు జమ చేశాం."

సున్నా_ఒకటి:
🙏🙏🙏

కజాన్_కుర్రోడు:
అన్నా, మీ నాన్నగారి నంబర్ కాదు, ఆయన అడ్రస్ మెసేజ్ చెయ్. జూలైలో వస్తున్నా. ఇక్కడి రోట్లో ముసలమ్మ బొమ్మ ఒకటి, చెక్కది, తెచ్చిస్తా.

న్యూజెర్సీ_నాని:
ఆ మూడో మెసేజీలో ఫోటో పెట్టమను ఇక్కడ.

బెజవాడ_బాబాయ్:
నేను మొదటి పోస్టు నుంచి అడుగుతున్నా. పెట్టె ఎక్కడుంది? జిరాక్స్ ఖర్చు నాది, బస్సు ఖర్చు నాది.

పాత_ట్రంకుపెట్టె:
అటక మీదుంది బాబాయ్. అడుగున సగం చెద తినేసింది. నాన్న పొద్దున్నుంచీ వరండాలో ఎండకి ఆరబెడుతున్నారు. ఆదివారం రండి, కానీ నాలుగు పుస్తకాలకి అట్టల్లేవు. ఏ కథ ఏ పుస్తకంలోదో తనకే తెలుసని ఎవర్నీ ముట్టుకోనివ్వటం లేదు.